డీప్‌టెక్ స్టార్టప్‌ను సీడ్ ఇన్వెస్టర్ ఎలా అంచనా వేస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

రాకెట్ కావచ్చు, చిప్ కావచ్చు, డయాగ్నస్టిక్ కిట్ కావచ్చు. మొదటిసారి పెట్టుబడి (దీన్నే సీడ్ అంటారు) కోసం బయల్దేరే ఫౌండర్లు అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పడం కన్నా ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. మొదటి నుంచీ చదవక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుందో అక్కడికే నేరుగా వెళ్లండి. చట్టం, పన్నుల సంగతులు మాత్రం సంతకం పెట్టేముందు మీ సీఏనీ, లాయర్‌నీ అడిగి ఖాయం చేసుకోండి.

## ఇన్వెస్టర్ దగ్గరకు వెళ్లకముందు

మేం ఏఐ వాడుతున్నాం. మాది డీప్‌టెక్ కిందికి వస్తుందా?

ఏఐ వాడటం ఒకటి, ఏఐలో ఇప్పటిదాకా ఎవరికీ కొరుకుడుపడని చిక్కును విప్పడం ఇంకొకటి. ఇన్వెస్టర్ మనసులో వేసుకునే ప్రశ్న చాలా మామూలుది. మీ విషయంలో "ఇది అసలు పనిచేస్తుందా" అన్న అనుమానం పెద్దదా, "దీన్ని ఎవరైనా కొంటారా" అన్నది పెద్దదా? మొదటిదైతే డీప్‌టెక్. ఎవరిదో మోడల్‌కి ఏపీఐ తగిలించి తెలుగులో చాట్‌బాట్ చేస్తే అది బంగారం లాంటి వ్యాపారమే కావచ్చు, కానీ దానికి మామూలు సాఫ్ట్‌వేర్ ఫండ్ దగ్గరే పని త్వరగా తెములుతుంది. డీప్‌టెక్ అని ముద్ర వేసుకున్నారా, అవతలివాళ్లు వెంటనే ప్రయోగాల డేటా, పేటెంట్లు బయటపెట్టమంటారు.

ల్యాబ్‌లో రిజల్ట్ వచ్చింది, ప్రొడక్ట్ ఇంకా లేదు. ఇప్పుడే సీడ్ అడగొచ్చా?

అడగొచ్చు. కాకపోతే ఆ రిజల్ట్ ఎలాంటిదన్న దాన్ని బట్టి ఉంటుంది. టెక్నాలజీ ఎంత సిద్ధమైందో కొలవడానికి నాసా వాడుకలోకి తెచ్చిన టీఆర్‌ఎల్ స్కేలులో 1 నుంచి 9 దాకా మెట్లుంటాయి. 3 అంటే సూత్రం నిజమేనని ప్రయోగంలో తేలింది. 4 అంటే ల్యాబ్‌లో భాగాలన్నీ కలిపి పనిచేయించారు. 6 అంటే అసలు వాడే చోటును పోలిన పరిస్థితుల్లో ప్రోటోటైప్ నడిచింది. సీడ్ ఇన్వెస్టర్లు ఎక్కువగా 3, 4, 5 మెట్ల దగ్గర దిగుతారు.

అంతకన్నా కింద ఉంటే గ్రాంటు డబ్బే మంచిది. బయోటెక్, మెడికల్ పరికరాలకు కేంద్ర బయోటెక్నాలజీ శాఖ సంస్థ బైరాక్ వాళ్ల బిగ్ గ్రాంటు ఉంది, 18 నెలలకు 50 లక్షల దాకా ఇస్తారు. ప్రోటోటైప్‌కి కేంద్ర సైన్స్ శాఖ నిధి-ప్రయాస్ పథకం కింద 10 లక్షల దాకా వస్తుంది. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ స్కీములో ఐడియాను రుజువు చేసుకోవడానికి 20 లక్షల దాకా గ్రాంటు ఉంది, కాకపోతే కంపెనీ పెట్టి రెండేళ్లు దాటకూడదు. రక్షణ రంగమైతే రక్షణ శాఖ పథకం ఐడెక్స్ మామూలు ఛాలెంజ్‌లో కోటిన్నర దాకా ఇస్తారు, అంతే మొత్తం మీ వైపు నుంచీ చూపించాలి. వీటి గడువులు మారుతుంటాయి కాబట్టి దగ్గర్లోని ఇంక్యుబేటర్‌ని (కొత్త కంపెనీలకు చోటు, సాయం ఇచ్చే కేంద్రం) అడిగి అప్లై చేయండి.

లక్ష కోట్ల ఆర్‌డీఐ ఫండ్ వచ్చిందిగా, ఇక సీడ్ ఇన్వెస్టర్లతో పనేంటి?

పరిశోధన, ఆవిష్కరణల కోసం కేంద్రం పెట్టి, 2025 నవంబరులో మొదలైన ఆ ఫండ్ టీఆర్‌ఎల్ 4, ఆపై మెట్ల కోసం. డబ్బు నేరుగా మీ ఖాతాలోకి రాదు, మధ్యలో ఉండే ఫండ్ మేనేజర్ల ద్వారా వస్తుంది. వాళ్లూ మిమ్మల్ని ఇన్వెస్టర్ చూసినట్టే చూస్తారు.

గ్రాంట్లు ఎక్కువ తీసుకుంటే చిన్నచూపు చూస్తారా?

ఒకటి రెండు గ్రాంట్లుంటే మంచి మార్కులే పడతాయి. వాటా ఇవ్వకుండా రిస్కు కొంత తగ్గించుకున్నారని అర్థం. ఐదేళ్లుగా గ్రాంటు మీద గ్రాంటు తీసుకుంటూ, ప్రతి గ్రాంటుకీ కొత్త అప్లికేషన్ రంగం చూపిస్తూ వచ్చిన కంపెనీని చూస్తే మాత్రం అనుమానం వస్తుంది. నిన్న నీటి శుద్ధి, ఇవాళ రక్షణ, రేపు వ్యవసాయం అంటే ఏ కస్టమర్ దగ్గరా నిలబడి చూడలేదనే లెక్క.

పేపర్ పబ్లిష్ అయిపోయింది. పేటెంట్ వేసుకునే దారి ఉందా?

ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే అప్పటికే చాలావరకు ఆలస్యమైపోయి ఉంటుంది. మన చట్టంలో గుర్తింపు పొందిన శాస్త్ర సంఘం ముందు చదివిన పేపర్లకు, నోటిఫై చేసిన ప్రదర్శనలకు 12 నెలల పరిమితమైన వెసులుబాటు ఉంది. మామూలు జర్నల్ పేపర్‌కి దాని మీద ఆశ పెట్టుకోకండి. అమెరికాలో ఆవిష్కర్త తానే బయటపెట్టినదానికి ఏడాది గడువుంది. యూరప్‌లో ఆ దయ దాదాపు లేనట్టే. పేపర్‌లో లేని మెరుగుదల ఏదైనా ఈ మధ్య చేశారేమో చూడండి, దాని మీద కొత్తగా వేయొచ్చు.

ఇంకా పబ్లిష్ చేయని వాళ్లు పేపర్ పంపేముందే ప్రొవిజనల్ (తొలి పేటెంట్ దరఖాస్తు) వేసేయండి. పూర్తి స్పెసిఫికేషన్‌కి 12 నెలల టైమ్ ఉంటుంది, స్టార్టప్‌లకు ఫీజు కూడా తక్కువే. థీసిస్ డిఫెన్స్, కాన్ఫరెన్స్ పోస్టర్, లింక్డ్‌ఇన్‌లో పెట్టిన వీడియో కూడా బయటపెట్టడం కిందికే వస్తాయని గుర్తుంచుకోండి.

నేను ప్రొఫెసర్‌ని. ఉద్యోగం వదలకుండా ఫండింగ్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. కానీ మరొకరు పూర్తి టైమ్ కూర్చోవాలి, ఆ మనిషికి చెప్పుకోదగ్గ వాటా ఉండాలి. మీకు 80 శాతం, పగలూ రాత్రీ ల్యాబ్‌లో ఉండే మీ పీహెచ్‌డీ స్టూడెంట్‌కి 5 శాతం అంటే ఇన్వెస్టర్ అక్కడే ఆగిపోతారు. ఆ అబ్బాయి రేపు అమెరికాలో పోస్ట్‌డాక్‌కి వెళ్లిపోతే కంపెనీలో మిగిలేదేముంది? మీ సంస్థ నుంచి అనుమతి పత్రం కూడా ముందే తెచ్చిపెట్టుకోండి.

హైదరాబాద్‌లో ఉంటే చాలా, బెంగళూరు వెళ్లాలా?

ఫండ్ల ఆఫీసులు బెంగళూరు, ముంబై, చెన్నైలలో ఎక్కువన్న మాట నిజమే. హైదరాబాద్ నుంచే నడిచే ఎండియా లాంటివీ ఉన్నాయి. అయినా సీడ్ దశలో కంపెనీ ఎక్కడుండాలో ప్రయోగశాలే నిర్ణయిస్తుంది. జీనోమ్ వ్యాలీ, సీసీఎంబీ ఇంక్యుబేటర్, బాలాపూర్‌లోని మెటీరియల్స్ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, డీఆర్‌డీఓ ల్యాబుల చుట్టూ పెరిగిన చిన్న చిన్న మెషీనింగ్ షాపులు, ప్రోటోటైప్‌లు చేసుకోవడానికి 2023లో తెరిచిన టీ-వర్క్స్... ఇవన్నీ వదిలేసి ఇన్వెస్టర్‌కి దగ్గరగా ఉందామని ఊరు మారితే నష్టమే ఎక్కువ. మెడికల్ పరికరాల వాళ్లకైతే విశాఖలోని మెడ్‌టెక్ జోన్ ఇంకా దగ్గరి దారి.

## మొదటి మీటింగుల్లో

రెవెన్యూ సున్నా, కస్టమర్ లేడు. మరి ఏం చూసి డబ్బులిస్తారు?

నన్నడిగితే మొత్తం వ్యవహారం ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. ఈ డబ్బు అయిపోయేసరికి ఏ అనుమానం తీరిపోతుందన్నదే సీడ్ ఇన్వెస్టర్‌కి కావాలి. పని చేస్తుందా, పదేపదే చేస్తుందా, తయారీ ఖర్చు గిట్టుబాటవుతుందా, అనుమతి వస్తుందా, కొంటారా? ఇవన్నీ ఒక్క రౌండులో తీరేవి కావని వాళ్లకు తెలుసు. ఒకటో రెండో తీరాలి. అవి కూడా తర్వాత వచ్చే ఇన్వెస్టర్ లెక్కలోకి తీసుకునేవై ఉండాలి.

మన హైదరాబాద్ స్కైరూట్‌నే చూడండి. ఇస్రో నుంచి బయటకొచ్చిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో కంపెనీ పెట్టారు. ప్రైవేటు కంపెనీలు రాకెట్ ఎగరేసేందుకు అనుమతిచ్చే ఇన్-స్పేస్ అప్పటికి లేనేలేదు, దాని ప్రకటన 2020 జూన్‌లో వచ్చింది. అయినా 2018లోనే మింత్రా వ్యవస్థాపకుడు ముకేశ్ బన్సల్ ముందుండి 15 లక్షల డాలర్ల సీడ్ పెట్టుబడి వచ్చేలా చూశారు. ఆ తర్వాత ఏం జరిగిందో తేదీల వరుసలో చూస్తే సంగతి బోధపడుతుంది. 2020 ఆగస్టులో రామన్ అనే పైదశ ఇంజిన్ మండించి చూశారు. డిసెంబరులో కలాం-5 అనే ఘన ఇంధన మోటారు. 2021 మేలో 1.1 కోట్ల డాలర్ల సిరీస్ ఏ (సీడ్ తర్వాతి రౌండు) వచ్చింది. ఆ నవంబరులో ధావన్-1 క్రయోజెనిక్ ఇంజిన్, 2022 మేలో కలాం-100 పరీక్ష. సెప్టెంబరులో సింగపూర్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ జీఐసీ ముందుండి 5.1 కోట్ల డాలర్ల సిరీస్ బి. విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి ఎగిరింది ఇవన్నీ అయ్యాక, 2022 నవంబరు 18న.

అంటే ఒక్క రాకెట్ కూడా నేల వదలకముందే మూడు రౌండ్లు అయిపోయాయి. ఇన్వెస్టర్లకు రాకెట్ కనిపించలేదు, టెస్ట్ స్టాండ్ మీద మండిన ఇంజిన్లు కనిపించాయి. మీ రంగంలో ఆ "టెస్ట్ స్టాండ్ మీద మంట" ఏదో తేల్చుకుని, దాన్ని ఎన్ని నెలల్లో, ఎంత ఖర్చులో చూపించగలరో చెప్పండి. రెవెన్యూ లేకపోవడాన్ని ఎవరూ తప్పు పట్టరు.

డెక్‌లో (ఇన్వెస్టర్‌కి చూపించే స్లైడ్లలో) టెక్నాలజీ ఎంత లోతుగా చెప్పాలి?

రెండు మూడు స్లైడ్లు చాలు. ఇప్పుడున్న పద్ధతి ఏది, అది ఎక్కడ ఆగిపోతోంది, మీది ఎన్ని రెట్లు మెరుగు, దానికి రుజువేంటి. రుజువు దగ్గర ఒక్క గ్రాఫ్ పెట్టండి, అక్షాల మీద యూనిట్లు రాయండి. యూనిట్లు లేని గ్రాఫులు ఎన్ని వస్తాయో చెబితే నమ్మరు. ఇరవై శాతం మెరుగు కోసం ఏ ఫ్యాక్టరీ తన లైన్ మార్చదు కాబట్టి ఆ తేడా ఎంతన్నది పెద్ద అక్షరాల్లో ఉండాలి. మిగతా లోతంతా అనుబంధంలో పెట్టి అడిగినప్పుడు తీయండి.

ఇన్వెస్టర్‌కి మా సైన్స్ అర్థం కావట్లేదు. అర్థం కాకుండా ఎలా తేలుస్తారు?

వాళ్లు బయటి నిపుణుడిని అడుగుతారు. ఆ రంగంలో పనిచేసి రిటైరైన శాస్త్రవేత్తో, ఏదైనా కంపెనీలో ఆర్ అండ్ డీ చూసే మనిషో అయి ఉంటారు. మీ పోటీదారుతో సంబంధం ఉన్నవాళ్లుంటే ముందే చెప్పండి, వాళ్లను పక్కన పెడతారు.

మీకు తెలియని సంగతి ఒకటుంది. ఆ నిపుణుడికి వెళ్లే ప్రశ్న "ఇది గొప్పదా" అన్నది అరుదు. "ఇది ఎందుకు పనిచేయకపోవచ్చు" అని అడుగుతారు. వచ్చే జవాబులో మూడు కారణాలుంటే, ఆ మూడూ మీరు ముందే మీటింగులో చెప్పేసి ఉంటే, మీ మీద నమ్మకం అమాంతం పెరుగుతుంది. దాచి ఉంటే అంతే సంగతులు.

ఎన్‌డీఏ (రహస్యం బయటపెట్టనన్న ఒప్పందం) మీద సంతకం పెట్టనంటున్నారు. ఐడియా కొట్టేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

మొదటి మీటింగుకు ఏ ఫండూ ఎన్‌డీఏ పెట్టదు. ఒకే రంగంలో పది కంపెనీలను చూస్తుంటారు, రేపు ఎవరో ఒకరు కేసు వేస్తే వాళ్లకు తలనొప్పి. మీరు చేయాల్సింది ఒక్కటే. ఏం సాధించారో చెప్పండి, ఎలా సాధించారో చెప్పకండి. కాటలిస్ట్ సామర్థ్యం చెప్పొచ్చు, దాని తయారీలో ఉష్ణోగ్రత, నిష్పత్తులు అక్కర్లేదు. అసలు రెసిపీ చూడాల్సిన దశ వచ్చినప్పుడు ఎన్‌డీఏ అడిగితే అప్పుడు పెడతారు.

మార్కెట్ సైజు స్లైడ్‌లో ఏం రాయాలి?

"ప్రపంచ మార్కెట్ ఇన్ని లక్షల కోట్లు, అందులో ఒక శాతం మాది" అని మాత్రం రాయకండి. మొదట కొనే ఇరవై మంది ఎవరు, ఒక్కొక్కరు ఇప్పుడు ఆ పనికి ఏడాదికి ఎంత ఖర్చు పెడుతున్నారు, మీది కొంటే ఎంత మిగులుతుంది. అది చాలు.

కంపెనీల నుంచి ఎల్‌ఓఐలు (ఆసక్తి తెలిపే ఉత్తరాలు) తెచ్చాం. వాటికి విలువ ఉందా?

ఏం రాసిచ్చారన్న దాన్ని బట్టి. ఫార్మా వ్యర్థ జలాలను శుద్ధి చేసే మెంబ్రేన్ మీదే అనుకుందాం. ఒక ఉత్తరంలో "మీ టెక్నాలజీ ఎంతో ఆసక్తికరంగా ఉంది, భవిష్యత్తులో మీతో కలిసి పనిచేయాలని ఆశిస్తున్నాం" అని ఉంటుంది. కింద హెచ్‌ఆర్ మేనేజర్ సంతకం. దాని విలువ ఆ కాగితం ఖరీదంత.

ఇంకో ఉత్తరంలో ఇలా ఉంటుంది: "మా బొల్లారం ప్లాంటులో రోజుకు 5 కిలోలీటర్ల చొప్పున 90 రోజులు నడిపి చూస్తాం. సీఓడీ (నీటిలో కాలుష్యం కొలత) మేమడిగిన అంకె కిందికి వస్తే పూర్తి యూనిట్ ధర మాట్లాడతాం. ట్రయల్ ఖర్చులో 2 లక్షలు మేం పెట్టుకుంటాం." సంతకం ప్లాంట్ హెడ్‌ది. ఇలాంటిది ఒక్కటుంటే మొదటి రకం పదిహేను పక్కన పడేయొచ్చు. ఇందులో చోటుంది, కొలతుంది, గడువుంది, అవతలివాళ్ల జేబులోంచి డబ్బు కూడా ఉంది. ఇన్వెస్టర్ ఆ ప్లాంట్ హెడ్‌కి ఫోన్ చేస్తారు, ఆయనకు ముందే చెప్పి ఉంచండి.

టీమ్‌లో అందరం సైంటిస్టులమే. ఎంబీఏ వాళ్లను పెట్టుకోవాలా?

సీడ్ కోసం అలంకారంగా పెట్టుకోవద్దు. మీలోనే ఒకరు వారానికి కొందరు కస్టమర్లతో మాట్లాడుతూ, వాళ్లన్నది రాసిపెడుతుంటే చాలు. లేని లోటు తరచుగా వేరే చోట ఉంటుంది, ఫ్యాక్టరీలో ఒక వస్తువును వేలల్లో తయారుచేసిన అనుభవం ఉన్న మనిషి ఎవరూ ఉండరు. సలహాదారుగానైనా అలాంటి వాళ్లను తెచ్చుకోండి.

## డ్యూ డిలిజెన్స్ (పెట్టుబడికి ముందు చేసే పరిశీలన) మొదలయ్యాక

టెక్నికల్ డ్యూ డిలిజెన్స్ అంటే అసలు ఏం చేస్తారు?

ల్యాబ్‌కి వస్తారు. డెమో చూపించమంటారు, ఆ తర్వాత "ఇంకోసారి చేయండి" అంటారు. ఆ రెండోసారి కోసమే వచ్చారని గ్రహించండి. తర్వాత లాగ్‌బుక్ అడుగుతారు. తేదీలు, ఫెయిలైన రన్‌లు, ఎవరు చేశారు. మంచి రిజల్టులే ఉన్న లాగ్‌బుక్‌ని ఎవరూ నమ్మరు.

రంగాన్ని బట్టి గుచ్చి అడిగేవి కొన్ని ఉంటాయి. బ్యాటరీ మెటీరియల్ అయితే ఈ సైకిల్ లైఫ్ (ఎన్నిసార్లు చార్జ్ చేసినా తట్టుకుంటుందన్న లెక్క) కాయిన్ సెల్‌లోదా, పౌచ్ సెల్‌లోదా అంటారు. చిన్న గుండీ సెల్‌లో వచ్చింది పెద్ద సెల్‌లో రావాలని లేదు. మెటీరియల్ అయితే గ్రాముల్లో చేశారా, కిలోల్లోనా, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా ఎంత. చిప్ అయితే కంప్యూటర్‌లో సిమ్యులేషనా, ఎఫ్‌పీజీఏ (డిజైన్‌ని పరీక్షించే ప్రోగ్రామబుల్ చిప్) మీదనా, సిలికాన్ చేతికొచ్చిందా. డయాగ్నస్టిక్ కిట్ అయితే పేర్లు తీసేసిన శాంపిల్స్ వాళ్లే పంపి ఫలితం చెప్పమంటారు. చుక్క రక్తంతో బోలెడు పరీక్షలన్న థెరనోస్ బండారం 2015లో బయటపడి, 2022లో దాని వ్యవస్థాపకురాలికి శిక్ష పడ్డాక ఈ చివరి పని మానేసేవాళ్లు తక్కువ.

తయారీ ఖర్చు లెక్క కూడా ఇందులో భాగమే. ఇవాళ ఒక్కటి చేస్తే ఎంత, వెయ్యి చేస్తే ఎంత, ఆ తగ్గుదల దేని వల్ల వస్తుంది. "వాల్యూమ్ పెరిగితే తగ్గుతుంది" అంటే సరిపోదు. ఏ భాగం ధర, ఏ సప్లయర్ కొటేషన్ ప్రకారం తగ్గుతుందో చూపించాలి.

పేటెంట్ ఒకటి ఉంది. సరిపోతుందా?

గ్రాంట్ అయిందా, అప్లికేషన్ మాత్రమేనా అన్నది మొదట చూస్తారు. ఆ తర్వాత క్లెయిములు (ఏది మీ హక్కో చెప్పే వాక్యాలు) చదువుతారు. క్లెయిము మరీ ఇరుకుగా ఉంటే పోటీదారు పక్కనుంచి సులువుగా దాటిపోతాడు. పేటెంట్ ఉందంటే ఇంకొకరిని ఆపే హక్కు వచ్చిందనే గానీ, మీరు స్వేచ్ఛగా అమ్ముకోవచ్చని కాదు. మీ ప్రొడక్ట్‌లో వేరేవాళ్ల పేటెంట్ అడ్డం వస్తుందేమో వెతికించిన రిపోర్టు ఉంటే పెద్ద ప్లస్. కేవలం అల్గారిథమ్ అయితే అల్గారిథమ్‌లకు పేటెంట్ ఇవ్వొద్దనే మన చట్టంలోని సెక్షన్ 3(కె) అడ్డొస్తుంది, అప్పుడు డేటా, రహస్యంగా ఉంచిన ప్రక్రియ మీద రక్షణ ఎలా ఉందో చూపించండి.

యూనివర్సిటీ ల్యాబ్‌లో కనిపెట్టాం. ఐపీ (ఆవిష్కరణ మీద హక్కు) ఎవరిది?

చాలావరకు సంస్థదే. కంపెనీకి లైసెన్స్ రావాలి, అది మీ రంగానికైనా ఎక్స్‌క్లూజివ్‌గా ఉండాలి, ఇంకొకరికి ఇచ్చే హక్కూ రాయించుకోవాలి. సంస్థలో కమిటీలు మీనమేషాలు లెక్కిస్తూ నెలలు గడిపేస్తాయి కాబట్టి ఇన్వెస్టర్ అడిగాక మొదలుపెడితే డీల్ చల్లారిపోతుంది. ఉద్యోగం చేస్తూ కంపెనీ పని మొదలుపెట్టిన వాళ్లు పాత ఎంప్లాయ్‌మెంట్ అగ్రిమెంటు కూడా తీసి చదవండి. ఇంటర్న్‌లు, ఫ్రీలాన్స్ డిజైనర్ల నుంచి హక్కులు కంపెనీకి రాయించుకోకపోవడం తరచుగా దొరికే లొసుగు.

అనుమతులు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఇది చెబితే భయపడి వెళ్లిపోతారా?

చెప్పకపోతే వెళ్లిపోతారు. 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ ప్రకారం మీ పరికరం ఏ, బి, సి, డి క్లాసుల్లో దేనికి వస్తుందో తెలియకుండా మీటింగుకు రావద్దు. ఏ, బి తయారీ లైసెన్సు రాష్ట్రం ఇస్తుంది, సి, డి అయితే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ. ఆ తేడాతోనే టైమూ, డబ్బూ మారిపోతాయి. అంతరిక్షమైతే ఇన్-స్పేస్, డ్రోన్లయితే 2021 డ్రోన్ రూల్స్. ఏ అనుమతి, ఏ నెలలో, ఏ టెస్ట్ రిపోర్టుతో అని ఒక పేజీ రాసి తెస్తే చాలు, అనుమతే రానక్కర్లేదు.

మా కస్టమర్ ప్రభుత్వమే. అది మైనస్సా?

ఒక్క ప్రభుత్వమే అయితే కొంచెం మైనస్సే. ట్రయల్ బాగా జరిగినా టెండరు పడుతుంది, టెండరులో తక్కువ ధర కోట్ చేసినవాడు ముందుకొస్తాడు, బిల్లు పాసవడానికి ఇంకొన్ని నెలలు. సాంకేతికంగా గెలిచి నగదు లేక మూతపడటం ఇక్కడే ఎక్కువ. పక్కన ఒక ప్రైవేటు కస్టమర్‌ని, చిన్నదైనా సరే, చూపించగలిగితే మాట మారుతుంది.

## టర్మ్ షీట్ (పెట్టుబడి షరతుల కాగితం) దగ్గర

రెవెన్యూ లేనప్పుడు వాల్యుయేషన్ ఎలా కడతారు?

నిజం చెప్పాలంటే వెనక నుంచి ముందుకు కడతారు. అనుకున్న రుజువు చూపించడానికి మీకు 6 కోట్లు కావాలి. ఇన్వెస్టర్ 20 శాతం అడుగుతున్నారు. అంటే డబ్బు పడ్డాక కంపెనీ విలువ 30 కోట్లు, పడకముందు 24 కోట్లు. దీనికి అందంగా ఎక్సెల్ షీటు తర్వాత తగిలిస్తారు. ఉద్యోగులకు ఇచ్చే షేర్ల కోసం 10 శాతం ఈసాప్ పూల్ కూడా ఈ రౌండులోనే తీయమంటే ఫౌండర్లకు మిగిలేది 70 శాతం. వాల్యుయేషన్ మీద వారాలు బేరమాడి, పూల్ ఎవరి వాటాలోంచి పోతుందో చూసుకోని వాళ్లున్నారు.

ఎక్కువ వాల్యుయేషన్ వస్తే సంబరపడటం సహజం. వచ్చే రౌండు నాటికి ఆ విలువకు తగ్గ రుజువు లేకపోతే కొత్త ఇన్వెస్టర్ దొరకడం కష్టం, విలువ తగ్గించుకోవడం ఇంకా కష్టం.

ఎన్ని నెలలకు సరిపడా అడగాలి?

సాఫ్ట్‌వేర్ వాళ్లు 18 నెలలంటారు. హార్డ్‌వేర్‌కి 24 నెలలు అడగండి. దిగుమతి పరికరం కస్టమ్స్‌లో ఆగుతుంది, చిప్ షటిల్ (పలువురి డిజైన్లు కలిపి ఫ్యాక్టరీ తయారుచేసే విడత) తేదీ తప్పితే మళ్లీ నెలల తర్వాతే. టెస్ట్ ఒకసారి ఫెయిలై మళ్లీ చేసే ఖర్చును బడ్జెట్‌లో ఒక వరుసగా రాసి చూపించండి, ఎవరూ తప్పు పట్టరు.

కన్వర్టిబుల్ నోట్, సీసీపీఎస్, ఐసేఫ్... ఏది తీసుకోవాలి?

కన్వర్టిబుల్ నోట్ అంటే తర్వాత షేర్లుగా మారే అప్పు. దానికి మీ కంపెనీకి డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ) స్టార్టప్ గుర్తింపు ఉండాలి, ఒక్కో ఇన్వెస్టర్ ఒకే విడతలో కనీసం 25 లక్షలు పెట్టాలి, గరిష్ఠంగా 10 ఏళ్ల గడువు. సీసీపీఎస్ అంటే తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేరు. ఫండ్లు ఎక్కువగా అడిగేది ఇదే. ఐసేఫ్ అంటే అమెరికా స్టార్టప్‌లు వాడే సేఫ్ అనే ఒప్పందాన్ని మన చట్టంలో ఇమిడేలా రాసినది, అదీ సీసీపీఎస్ రూపంలోనే ఉంటుంది. పేరు కన్నా మార్పిడి ధర మీద సీలింగ్ ఎంత, డిస్కౌంట్ ఎంత అన్నవి చూడండి.

ఏంజెల్ ట్యాక్స్ ఇంకా ఉందా?

షేర్లకు సరసమైన విలువ కన్నా ఎక్కువ ధర వస్తే ఆ ఎక్కువ మీద వేసే ఆ పన్నును 2024 జులై బడ్జెట్‌లో రద్దు చేశారు. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపించాల్సిన బాధ్యత మాత్రం అలాగే ఉంది, పాన్, బ్యాంకు వివరాలు దాచుకోండి.

అట్లాంటాలో ఉన్న మా బావ, ఆయన స్నేహితులు తలా కొంచెం పెడతామంటున్నారు. తీసుకోవచ్చా?

మన తెలుగు ఫౌండర్లకు వచ్చే మొదటి డబ్బు చాలాసార్లు ఇలాంటిదే, మంచిదే. కానీ పద్ధతిగా తీసుకోండి. విదేశీ పెట్టుబడి కింద వస్తే 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, కేటాయించిన 30 రోజుల్లో ఆర్‌బీఐకి ఎఫ్‌సీ-జీపీఆర్ అనే ఫారం దాఖలు చేయాలి. తిరిగి బయటకు పట్టుకెళ్లని పద్ధతిలో ఎన్నారైలు పెడితే దాన్ని దేశీయ పెట్టుబడిలాగే చూస్తారు. అందరితో ఒకే అగ్రిమెంటు, సంతకాల అధికారం వాళ్లలో ఒకరికి. అలా చేయకపోతే తర్వాతి రౌండులో ఒక్క సంతకం కోసం డల్లాస్ నుంచి న్యూజెర్సీ దాకా ఫోన్లు చేసుకుంటూ కూర్చోవాలి. "నోటి మాట మీద రెండు శాతం ఇస్తానన్నాను" అనేవి ఉంటే ఇప్పుడే కాగితం మీద పెట్టండి, ఫండ్ లాయర్ వాటిని ఎలాగూ తవ్వి తీస్తాడు.

డబ్బు మైల్‌స్టోన్ల ప్రకారం విడతలుగా ఇస్తామంటున్నారు. ఒప్పుకోవాలా?

మైల్‌స్టోన్ మీ చేతిలో ఉన్నదైతే ఒప్పుకోవచ్చు. "ఇన్ని గంటలు ఇంత ఉష్ణోగ్రత దగ్గర నడవాలి" అన్నది మీ చేతిలోది. "ఫలానా సంస్థ ఆర్డరు ఇవ్వాలి" అన్నది కాదు. కొలిచేది ఎవరు, వివాదం వస్తే తేల్చేది ఎవరు అన్నవి రాయించుకోండి. మొదటి విడతతోనే ఒక పూర్తి రుజువు చూపించగలిగేలా ఉండాలి, మధ్యలో ఆగిపోతే ఎటూ కాకుండా పోతారు.

ఫండ్ గడువు గురించి మేమెందుకు పట్టించుకోవాలి?

ఫండ్లకు సాధారణంగా ఎనిమిది, పదేళ్ల ఆయుష్షు ఉంటుంది, ఇన్వెస్టర్లలో విలువ ప్రకారం మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే ఇంకో రెండేళ్లు. హైదరాబాద్ ధ్రువ స్పేస్ 2012లో మొదలైంది. దాని థైబోల్ట్ ఉపగ్రహాలు పీఎస్‌ఎల్‌వీ-సీ54 మీద కక్ష్యలోకి వెళ్లింది 2022 నవంబరు 26న. అలాంటి ప్రయాణం మీదైతే, ఆరేళ్ల క్రితం మొదలైన ఫండ్ నుంచి డబ్బు తీసుకుంటే మీ పని సగంలో ఉండగానే వాళ్లకు అమ్ముకోవాల్సిన తొందర వస్తుంది. "మీ ఫండ్ మొదలై ఎన్నేళ్లయింది, మాకోసం తర్వాతి రౌండుకు ఎంత పక్కన పెట్టారు" అని మొహమాటం లేకుండా అడగండి. అడిగితే వాళ్లేమీ అనుకోరు.

## 'నో' అన్నాక, 'ఎస్' అన్నాక

"ఇంకొంచెం ట్రాక్షన్ (కస్టమర్ల ఆదరణ) వచ్చాక రండి" అంటే ఏమిటి?

చాలాసార్లు మర్యాదగా చెప్పిన 'నో'. తేల్చుకోవాలంటే ఒక్క ప్రశ్న వేయండి: "ఏ అంకె చూస్తే మీ అభిప్రాయం మారుతుంది?" నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లు అంకె చెబుతారు. లేనివాళ్లు టచ్‌లో ఉందామంటారు. అంకె చెప్పిన వాళ్లకు మూడు నెలలకోసారి అర పేజీ అప్‌డేట్ పంపుతుండండి.

రెండు నెలలైంది, అవుననీ కాదనీ చెప్పడం లేదు.

డీప్‌టెక్‌లో మొదటి మీటింగు నుంచి బ్యాంకులో డబ్బు పడేదాకా ఆరు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. నిపుణుల ఫోన్లు, ల్యాబ్ విజిట్ ఏవీ మొదలవకుండా రెండు నెలలు గడిస్తే మాత్రం ఆ పేరు మీ జాబితాలోంచి తీసేసి మిగతావాళ్ల మీద పడండి.

డబ్బు పడ్డాక మొదటి పెద్ద టెస్ట్ ఫెయిలైతే ఏమవుతుంది?

షేర్ల కోసం పెట్టిన డబ్బును ఇన్వెస్టర్ వెనక్కి అడగరు, అది అప్పు కాదు. టెస్ట్ ఫెయిలవుతుందన్న లెక్క వేసుకునే వచ్చారు. వాళ్లు చూసేది డేటా వచ్చిందా లేదా అన్నది. సెన్సార్లన్నీ రికార్డు చేసి ఉంటే ఎక్కడ తప్పిందో వారంలో చెప్పగలరు, రెండో టెస్టుకు ఎంత, ఎప్పుడు అన్నది దాన్నుంచే వస్తుంది. ఆ రిపోర్టు, ఖాతాలో ఇంకెన్ని నెలల డబ్బు మిగిలిందన్న లెక్కతో కలిపి, అదే వారం పంపండి. బోర్డు మీటింగు దాకా ఆగకండి. బ్రిడ్జ్ రౌండ్ (తర్వాతి పెద్ద రౌండు దాకా నెట్టుకురావడానికి చిన్న పెట్టుబడి) అవసరమయ్యేలా ఉంటే ఖాతాలో కనీసం ఆరు నెలల డబ్బు ఉండగానే నోరు తెరవండి, రెండు నెలలే మిగిలి ఉండగా అడిగితే వాళ్ల షరతులకే ఒప్పుకోవాల్సి వస్తుంది.